జాబితాలో మొదటి పేరు

నా పేరు కృపాకుమారి. వయసు ముప్పై నాలుగు. వజ్రకరూరు మండలం ఎర్రబండపల్లిలో తొమ్మిదేళ్ళుగా ఆశా కార్యకర్తగా పనిచేస్తున్నాను. విచారణకు మీరు పిలవకముందే నా అంతట నేనే వచ్చి చెబుతున్నాను.

2025 మార్చి 1వ తేదీ శనివారం నా కూతురు జాయ్‌కి జ్వరం వచ్చింది. దానికి నాలుగేళ్ళు. జలుబు జ్వరం అనుకున్నాను. 3వ తేదీ ఉదయం మాత్ర వేసి అంగన్‌వాడీకి పంపాను. అక్కడ జాయ్‌తో కలిపి తొమ్మిది మంది పిల్లలున్నారు. ముదిగుబ్బ వైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చి ఊరి బయట దిగిన ఓబిలేష్, హనుమక్కల కొడుకు ఆంజి జాయ్ పక్కనే కూర్చుని గుడ్డు తిన్నాడు. వాడికి మూడేళ్ళు.

మరునాడు జాయ్ చెవుల వెనక ఎర్రటి పొక్కులు లేచాయి. తట్టు అని నాకు తెలిసిపోయింది. పొక్కులు రాకముందు నాలుగు రోజుల నుంచే అది గాలిలో అంటుకుంటుందని శిక్షణలో చెప్పారు. అదీ తెలుసు. ఎవరికీ చెప్పలేదు. జాయ్‌కి టీకా వేయించకుండానే వేయించినట్టు రిజిస్టరులో రాసింది నేనే. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. చెమట పొక్కులని చెప్పి ఇంట్లో ఉంచాను.

12వ తేదీ ఆంజికి జ్వరం వచ్చింది. తరువాతి రెండు రోజుల్లో మరో ముగ్గురికి. టీకా పడిన నలుగురికి ఏమీ కాలేదు. 17న ఆరోగ్య కేంద్రం నుంచి డాక్టర్ అశ్విని గారు వచ్చి, జ్వరం వచ్చిన తేదీల వరుసలో పేర్లు రాయమన్నారు. జాయ్ పేరు రాయలేదు. ఆంజి పేరు మొదటిదైంది.

"మొదట రాసినోడే తెచ్చినోడని కాదు. వీనికి ఎవరి నుంచి అంటిందో పద్నాలుగు రోజులు వెనక్కి పోయి చూడాల" అన్నారు ఆమె. నేను తల ఊపాను.

ఊరి పెద్ద నరసింహప్ప ఆ కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి ఊరి గ్రూపులో పెట్టాడు. 18వ తేదీ ఉదయం ఏడింటికి కుళాయి దగ్గర హనుమక్క బిందెను కాలితో తన్నాడు. "రోగం తెచ్చింది చాలదా? యాడికన్నా పోండి" అన్నాడు. ఆమె నా వైపు చూసింది. "కృపక్కా, నువ్వన్నా చెప్పు." నేను నా బిందె నింపుకున్నాను.

19న ఉదయం ఎనిమిదింటికి హనుమక్క ఆంజిని ఎత్తుకుని మా గుమ్మం ముందుకొచ్చింది. పిల్లాడి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. "ఊపిరి ఆడ్తా లేదక్కా. నూట ఎనిమిదికి ఫోన్ చెయ్యి." సిగ్నల్ లేదన్నాను. సిగ్నల్ ఉంది. ఎవరితో ఆడుకున్నాడని ఆసుపత్రిలో అడుగుతారని చేయలేదు. ఆటో శివప్ప ఎక్కించుకోనన్నాడు. ఆమె రోడ్డు వరకు నాలుగు కిలోమీటర్లు నడిచింది. పిల్లాడు దారిలోనే చనిపోయాడు.

21న గొర్రెలు తోలుకుని పోతూ హనుమక్క మా ఇంటి ముందు ఆగింది. లోపలికి రాలేదు.

"మావోని నుంచి నీ బిడ్డకేం అంటలేదు కదక్కా" అని అడిగింది.

లేదన్నాను.

"అంతే సాలు" అని వెళ్ళిపోయింది.

నేను చెప్పినట్టే రాశారు. చదివించుకుని విన్నాను. ఇందులో అబద్ధం లేదు.

(సం.) కృపాకుమారి