నది ఒడ్డున ఖాళీ చోటు

మళ్ళీ గీకేసినావా? అయ్యో అయ్యో, గోడ మీద ఆ గొర్రెపిల్ల ఏం పాపం చేసిందయ్యా? నిన్ననే గదా పాస్టరయ్యగారొచ్చి, డేవిడ్‌రాజు చేతిలో ఏదో మహిమ ఉండాదని మెచ్చుకొని పోయినారు!

ఏందీ? దానికి మన పక్కింటి మాల్యాద్రి మేకపిల్ల మొహం వచ్చిందా? వస్తే రానీ! ఎవురు చూడొచ్చినారు?

నిచ్చెన దిగు. దిగి రెండు ముద్దలు తిను ముందు. ఆదివారం చర్చి ప్రతిష్ఠ. ఉదయగిరి నుంచి, వింజమూరు నుంచి జనం వస్తారు. గోడంతా పరలోకం గీసినావు, ఆ నది ఒడ్డున మాత్రం చిన్నబిడ్డంత చోటు బోసిగా ఉండాది.

ఎట్టాంటి మనిషివయ్యా నువ్వు! ఆత్మకూరులో అంగళ్ళకు బోర్డులు రాసేటప్పుడు ఎవురేం చెప్తే అది రాసిస్తా ఉంటివి. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయినాక ఈ గోడ కాడ చేరినావు, ఇంకంతే. తెల్లారకముందే మోకాళ్ళేస్తావు, కళ్ళు మూసుకుంటావు, ప్రార్థనలో కనపడిందే గీస్తావు. కనపడకపోతే కుంచె కడిగి పక్కనబెట్టి ఊరికే కూర్చుంటావు. జనం సోమరిపోతు అన్నారు. నేనన్నానా ఎప్పుడన్నా?

నేనడిగింది ఒకటే గదయ్యా. మన రూబీని ఆ ఒడ్డున నిలబెట్టమన్నా. జొరమొచ్చిన బిడ్డను ఆత్మకూరు ఆస్పత్రి నుంచి నెల్లూరికి తీసకపోతా ఉంటే దోవలోనే, నా ఒళ్ళోనే పోయిందే, ఆ బిడ్డను.

నువ్వేమన్నావు? "ఇంకా కనపడలా ఆనందా, చూడకుండా గీస్తే అబద్ధమైపోద్ది" అన్నావు. కన్నతండ్రివి! నా కడుపు ఎట్ట మండిందో తెలుసా నీకు? ఊళ్ళోవాళ్ళ అవ్వలూ తాతలూ అందరూ ఉండారు ఆ ఒడ్డున. నా బిడ్డ లేదు. అంటే అది యాడుండాది మరి? పరలోకంలో లేదా?

అందుకే పొద్దున చెప్పినా నీకు. రూబీ నా కలలోకొచ్చింది, ఆ నది ఒడ్డునే ఉండాదని. చిన్నపిల్లోడి మాదిరి ఏడ్చినావే! నువ్వు చూసినావుగా చాలు, నువ్వు చెప్పు నేను గీస్తా అని రంగులు కలుపుకున్నావే!

ఆఁ... చెప్తా, ఉండు. ఏ పక్కకు తిరిగుండాదా? నది పక్కకు. కాదు కాదు, మన పక్కకే. తెల్ల గౌను. చేతిలో పూలు. ఏం పూలంటే ఏం చెప్పేదయ్యా, పూలు! నవ్వతా ఉండాది.

ఏందీ? ఊడిన పళ్ళు మళ్ళీ వచ్చినాయా అంటావా?

కుంచె దించయ్యా. అట్టా ఆశగా చూడబాక నన్ను.

కలా లేదు, ఏమీ లేదు. అబద్ధం చెప్పినా. రోజూ దాని గౌను దిండు కింద పెట్టుకోని పడుకుంటా. ఒక్కసారన్నా రాలా నాకు. నీకు రాలా, నాకూ రాలా. ఆ చోటు అట్టనే వదిలెయ్, ఎవురేమన్నా అనుకోనీ.

కోపంగా ఉండాదా? తిట్టు, పడతా. నువ్వు తిడతావని కాదయ్యా నేను ఏడిచేది. అది పోయేనాటికి దాని ముందర పళ్ళు ఊడినాయి గదా, నువ్విప్పుడు అడిగేదాకా నాకు గ్యాపకమే లేదు. కన్నతల్లిని. దాని మొహమే మర్చిపోతా ఉండానయ్యా.