సాసర్లో తొడిమ

ఎండ్రకాయలా? నాకొద్దు మహబూబూ. నువ్వు కొనుక్కున్యావు, నువ్వే వండుకొని తిను. ఒంటికి పడక కాదబ్బీ, ఒకప్పుడు కాళ్ళు గూడా వదలకుండా నమిలినోణ్ణే. మానేసి పన్నెండేండ్లయింది. ఆ ఏసీ రవ్వంత తగ్గించు, మోకాళ్ళు పీకుతాండాయి. మీ మేడం, మా మేడం, అక్కచెల్లెండ్లిద్దరూ కలిసి ఈ వక్రా చేపల మార్కెట్లో దూరినారంటే గంటకు తక్కువ బయటికి రారు. కూచోవడమే మన డ్యూటీ. ఇరవై ఎనిమిదేండ్లు కూచున్యా ఈ గల్ఫు దేశంలో స్టీరింగు ముందర. బండి తోలింది తక్కువ, ఎదురుచూసింది ఎక్కువ. ఏమంటాంటి? ఆ, ఎండ్రకాయలు. అంకాలమ్మ అని ఒకామె ఉండె, మా సుండుపల్లి పక్క. నీకు తెల్దులే, నువ్వప్పుడు రాయచోటిలో నిక్కర్లేసుకొని బడికి పోతాంటివేమో. ఆమె పోయి గూడా ఐదేండ్లు కావస్తాంది, కరోనా రెండో తూరి వచ్చినప్పుడు. ఆమె చేసే ఎండ్రకాయల చారు తిన్న నోటికి ఇంగొకరిది ఎక్కదు అనుకో. అదొక కారణం. ఇంగోటి ఉండాది. చెప్తాలే, వాళ్ళేం ఇప్పుడే వచ్చేటట్టు లేరు.

అప్పట్లో నేను దోహాలోనే అల్ అజీజియాలో ఒక విల్లాలో హౌస్ డ్రైవర్ను. సారు ఇంజనీరు, మేడం టీచరు. అరబ్బులు కాదు, తెల్లోళ్ళూ కాదు. సెయింట్ లూసియా అని ఒక దీవి ఉందంట, వెస్టిండీస్ క్రికెట్టోళ్ళు ఉంటారే, ఆ పక్క. సారు ఒకతూరి మ్యాపులో చూపిచ్చినాడు, నా కండ్లకు చుక్క గూడా ఆనలేదు. వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే బాస క్రియోల్, వండుకునేదీ క్రియోల్ వంటే. ఏముంటాదిలే, బ్రెడ్డు ముక్క, ఉడకేసిన కోడి అనుకున్యా నేను. కాదబ్బీ. చేమాకు తింటారు. అరటికాయ ఉడకేసి ఉప్పుచేపతో తింటారు, వాళ్ళ దేశానికంతా అదే పెద్ద వంట. కర్రపెండలం, చిలగడదుంప, ఏది చేసినా కొబ్బరిపాలు. ఉప్పుచేప చిదిమి పిండిలో కలిపి బజ్జీల మాదిరి నూనెలో వేస్తారు, దాన్ని అక్రా అంటారు. సీమపనసకాయను నిప్పుల మీద నల్లగా కాల్చి, తోలు తీసి, వెన్న పూసుకొని తింటారు. ఆ కాయ కోసం నేను మలయాళీ అంగళ్ళన్నీ తిరిగినా ఎండలో. చేమాకేమో బంగ్లా వాళ్ళ దగ్గర. ఆ ఇంట్లోనే పనికుండే అంకాలమ్మ ఆ సంచి కుమ్మరించి చూసి, ఏందన్నా వీళ్ళు మన కాలవ గట్టు మీదిదే తింటాండారే, దీనికోసం ఇంతదూరం విమానమెక్కి వచ్చినానా నేను అని నవ్వె. నవ్వితే పెద్దగా నవ్వేది ఆమె, ఇల్లంతా వినపడేటట్టు.

ఆ మేడంకు ఒక అమ్మ. మొగుడు పోయినాక దీవిలో ఒంటరిగా ఉంటాంటే పిలిపిచ్చుకున్యారు. వచ్చినకాణ్ణుంచి ముసలామె తినదు. రొట్టె ఇస్తే పక్కకు తోస్తాది, బిర్యానీ ఇస్తే పక్కకు తోస్తాది. బొమికలు తేలిపాయ. మేడంకు స్కూలు, వండి పెట్టే తీరికేదీ. అప్పుడు ముసలామే వంటింట్లో కుర్చీ వేసుకొని కూచొని అంకాలమ్మకు నేర్పడం మొదలుపెట్టె. ఈమెకు తెలుగు, అది గాక యల్లా, మాఫీ అని అరబ్బీ రెండు ముక్కలు. ఆమెకు క్రియోల్. ఎవరి బాస వాళ్ళు మాట్లాడుకుంటాండ్రి, వంట మాత్రం అయిపోతాండె. అంకాలమ్మకు బాగా పట్టుబడింది కాలలూ అనే చారు. చేమాకు సన్నంగా తరిగి, బెండకాయ, కొబ్బరిపాలు, ఎండ్రకాయలు వేసి ఉడికిస్తారు. దాని మీద ఒక మిరక్కాయ పెడతారు. ఎర్రగా, బొద్దుగా, టోపీ నలిపినట్టుంటాది. కొయ్యకూడదు, చీల్చకూడదు, తొడిమతో సహా ఉడికే చారు మీద కూచోబెట్టాల. వాసన దిగాల, కారం దిగకూడదు. ఆఖర్న తొడిమ పట్టుకొని మెల్లగా పైకి తీసి, సాసర్లో పెట్టి ముసలామెకు చూపిచ్చాల. కాయ పగల్లేదని ఆమె చూసుకోవాల. ఆ తర్వాత ఎండ్రకాయలు తీసి పక్కన పెట్టి ఆకును ఎనపాల. ఎనిపేదానికి వాళ్ళకూ ఒక కట్టె ఉంటాదిలే, మన పప్పుగుత్తి మాదిరే.

మొదటి రోజు ఏమి చేసిందనుకున్యావు అంకాలమ్మ? పాపం ముసలిది మర్చిపోయింది, మిరక్కాయను ఎవరన్నా ఊరికే స్నానం చేపిచ్చి పారేస్తారా అనుకొని, ఆమె అటు తిరగంగానే కాయతో సహా ఎనిపేసింది. మన సీమ చెయ్యి గదా. ముసలామె ఒక్క స్పూను నోట్లో పెట్టుకున్యాది, ఇంగ చూడు, కండ్లలో నీళ్ళు, ముక్కులో నీళ్ళు, సారు ఐసు తెచ్చేదానికి పరిగెత్తె. నేను, అంకాలమ్మ వెనక వరండాలో కూచొని అదే చారు అన్నంలో పోసుకొని, ఇప్పుడుండాది రుచి అనుకుంటా తిన్యాం. మర్నాడు ముసలామె ఈమె చెయ్యి పట్టుకొని పది తూర్లు చేపిచ్చింది, కాయ పెట్టేది, కాయ తీసేది. అంతే. తర్వాత రెండేండ్లు ఆమె చేతిలో ఒక్క కాయ పగల్లేదు. ముసలామె కోలుకున్యాది, చెంపలు వచ్చినాయి. అంకాలమ్మ చేస్తేనే తినేది. నేనూ అంతే అనుకో, ఆమె చేతి బువ్వకు అలవాటు పడిపోయింటి. అంతకుముందు పద్నాలుగేండ్లు నేనే వండుకొని, నేనే తిని, నేనే గిన్నె కడుక్కున్నోణ్ణి.

ఆ ఏడు జూలైలో, ఒక శుక్రవారం, అంకాలమ్మ నా రూం దగ్గరికి వచ్చింది. కూతురు కృష్ణకుమారికి కార్తీకంలో కాన్పు. తొలి కాన్పు. మొగుడు బెంగుళూర్లో లారీ మీద, అత్త లేదు, తండ్రి ఎప్పుడో పాయ. అన్నా, నేను తప్ప దానికెవరూ లేరు, నేను పోవాల, మేడంకు చెప్పు అనింది. అప్పుడు కాయిదా ఎట్లుండెనో నీకు తెల్దు, పనిలో పెట్టుకున్నోళ్ళ సంతకం లేకుండా దేశం దాటేదానికి లేదు. సరేలేమ్మా, చెప్తా అన్యా. చెప్పలా. ఆ రోజు మేడం ఏదో చిరాకులో ఉండె, రేపు చెప్పొచ్చులే అనుకున్యా. రేపు వచ్చె. నాకప్పుడు ఏమనిపిచ్చెనో తెల్సా? ఈమె పోతే ఇంగొకామెను తేవాల. ఆఫీసుల చుట్టూ తిప్పాల, మెడికల్ అని, ఫింగర్‌ప్రింట్ అని, ఆగస్టు ఎండలో పార్కింగులో నేనే మాడాల. ముసలామె మళ్ళా తినదు, ఇంట్లో గలాటా. నాకూ బువ్వ పోతాది. ఇంతేనబ్బీ. పెద్ద కారణం ఉంటే చెప్పుకునేదానికి బాగుండు, లేదు. అలిసిపోయింటి, అంతే. తర్వాత శుక్రవారం అడిగింది, చెప్పినావా అన్నా? చెప్పినానమ్మా, చూస్తామన్యారు అన్యా. అదొకటి నోట్లోంచి వచ్చినాక ఇంగ దాన్ని మింగేదెట్ల? ప్రతి శుక్రవారం అడిగేది. ప్రతి శుక్రవారం నేనొకటి చెప్పేది. మేడంకు పరీక్షలున్యాయి, సారు ఊర్లో లేడు, వచ్చే నెల అన్యారు. సెప్టెంబర్ అయిపాయ. అక్టోబర్లో అడగడం మానేసింది. హమ్మయ్య అనుకున్యా నేను.

అక్టోబర్ ఆఖర్న వాళ్ళకొక పండగ. వాళ్ళ దేశంలో ఆదివారం చేస్తారంట, క్రియోల్ దినం. ఈడ ఆదివారం డ్యూటీ గదా, శుక్రవారం చేసినారు. దోహాలో ఉండే వాళ్ళ దీవి వాళ్ళంతా, ఒక ఇరవైమంది, మన విల్లాకే వచ్చిరి. ఆడోళ్ళందరూ తలకు గళ్ళ గుడ్డ చుట్టుకున్యారు, మన లుంగీల గుడ్డే. మద్రాస్ గుడ్డ అంటారంట వాళ్ళు గూడా. మన లుంగీ వాళ్ళ నెత్తికెక్కిందే అని నేను అంకాలమ్మతో అంటే నవ్వలా ఆమె. టేబుల్ మీద అన్నీ పెట్టినారు. ముందర ముసలామె రుచి చూడాల, అది వాళ్ళ పద్ధతి. అంకాలమ్మ కాలలూ కుండ తెచ్చి పెట్టె, పక్కన సాసర్ పెట్టె. సాసర్లో కాయ లేదు. ఉత్త తొడిమ ఉండాది.

ముసలామె ఆ తొడిమ దిక్కు చూసింది. అంకాలమ్మ మొగం దిక్కు చూసింది. ఒక స్పూను తాగింది, ఇంగో స్పూను తాగింది. కండ్లెమ్మడి నీళ్ళు కారిపోతాంటే తుడుచుకోకుండా గిన్నెడు తాగింది. మేడం సిగ్గుతో చచ్చిపోతాంది, వచ్చినోళ్ళ ముందర. అప్పుడు ముసలామె వాళ్ళ బాసలో కూతురికి ఏదో చెప్పె, మేడం నన్ను పిలిచి ఇంగ్లీషులో చెప్పింది. "అమ్మ అంటాంది, ఈమెకు చేతగాక పగల్లేదు. కావాలనే పగలగొట్టింది. ఏమి కష్టం వచ్చిందో అడుగు." నేను అంకాలమ్మ దిక్కు తిరిగినా. ఆమె నన్నే చూస్తాంది. నువ్వే చెప్పన్నా, మూడు నెల్ల నుంచి చెప్తానే ఉండావు గదా అనింది, నిదానంగా. అంతమంది ముందర నేను నోరు తెరిచినా. కూతురికి కాన్పంట మేడం, ఇంటికి పోవాలంట అన్యా. మేడం, అయ్యో, మరి ముందరే ఎందుకు చెప్పలేదు అనింది. నేనేమన్యానో తెల్సా? షీ ఈజ్ షై, మేడం. సిగ్గుపడిందంట.

అప్పటికప్పుడు సంతకం పెట్టింది ఆ మేడం. టికెట్ తనే తీసింది. ముసలామె తన తల గుడ్డ విప్పి అంకాలమ్మ బుజం మీదేసింది. జూలైలో ఒక్క మాట అడిగింటే మేడం జూలైలోనే పంపిచ్చుండేది, అట్లాంటి మనిషి. టికెట్ దొరికేసరికి వారం పట్టె. అంకాలమ్మ ఊరు చేరేదానికి రెండ్రోజుల ముందరే బిడ్డ పుట్టేసింది. కృష్ణకుమారికి ఎదురింటామె తోడుపోయిందంట ఆస్పత్రికి. ఎవరో ముసలామెకు చారు కాసేదానికి ఉండిపోయినావు గదమ్మా అని, అది రెండేండ్లు తల్లితో మాట్లాళ్ళేదు. ఆ పక్క వీధిలోనే ఉంటా మాట్లాళ్ళేదు.

అంకాలమ్మ నా పేరు చెప్పలేదబ్బీ. ఎవరికీ చెప్పలేదు. ఆమె చనిపోయినాక నేను లీవుకు పోయినప్పుడు ఇంటికి పోయినా పలకరించేదానికి. కృష్ణకుమారి పీట వేసి, బువ్వ పెట్టి, మామా, ఆ దేశంలో మాయమ్మకు నువ్వొక్కడివే దిక్కంట గదా, చెప్తాండె అని రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. అప్పుడన్నా చెప్పుండొచ్చు. పెట్టిందంతా తినేసి వచ్చినా.

ఆ పొద్దు ఎయిర్‌పోర్ట్‌కు అంకాలమ్మను నేనే దించినా. సామాన్లు దించి, అమ్మా ఏమనుకోవద్దు, మేడంకు తీరిక లేక అని మళ్ళా ఏదో మొదలుపెడ్తి. పెట్టె పట్టుకొని నిలబడి అంతా వినింది. కోపంగా గూడా అనలేదు. "మేడంకు తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. రెండూ వచ్చినోడివి నువ్వొక్కడివే అన్నా" అని లోపలికి పోయింది.

...

పో, డిక్కీ తెరువు పో. వస్తాండారు.