డోరీన్ గారి చిటికెన వేలు

1968 సెప్టెంబరు 9వ తేదీ, సోమవారం ఉదయం, పదిహేడేళ్ల డోరీన్ బేర్‌స్టో హాలిఫాక్స్‌లోని మన మిల్‌గేట్ నాటకశాలలో రంగస్థల సహాయకురాలిగా చేరారు. వేదిక ఊడవడం, నటులకు టీ అందించడం, కథలో హత్యకు గురయ్యే స్త్రీల కోసం తెర వెనక నుంచి కేకలు వేయడం ఆనాటి వారి విధులు. ఆ కేకలు ప్రేక్షకులకు బాగా నచ్చడం వల్లనే మరుసటి ఏడు తమను తెర ముందుకు తెచ్చారని వారు నేటికీ గర్వంగా చెబుతారు.

1974లో లండన్‌లో ఒక చిత్రనిర్మాత వారి అభినయాన్ని ఎంతో ప్రశంసించి, ఉత్తర ఇంగ్లండ్ యాస విడిచిపెడితేనే ప్రధాన పాత్రలు దక్కుతాయని, లేకుంటే పనిమనిషి వేషాలతో సరిపెట్టుకోవాలని చెప్పారు.

"అయితే పనిమనిషి వేషమే ఇవ్వండి. కాకపోతే ఆవిడ మా ఊరి మాటే మాట్లాడుతుంది. మీ దొరసానికి అర్థం కాకపోతే ఆవిడ ఖర్మ" అన్నారు డోరీన్ గారు.

వేషం ఇచ్చారు. పనిమనుషులుగా, నర్సులుగా, అద్దె గదుల యజమానురాళ్లుగా వారు ఎన్నో చిత్రాలలో నటించి, తమ పలుకులో ఒక్క అచ్చును కూడా లండన్ యాసకు అప్పగించలేదు. అనంతరం టెలివిజన్ ధారావాహికలో పోలీసు అధికారిణిగా తొమ్మిదేళ్లపాటు అదే యాసతో నేరస్థులను నిలదీశారు. ప్రతి శీతకాలం మాత్రం తప్పక మన వేదికకు తిరిగి వచ్చేవారు. మన వేదిక దీపాల పని చూసుకున్న వారి భర్త, కీర్తిశేషులు క్లిఫర్డ్ గారు, "ఇంట్లోనూ ఇదే గొంతు. స్విచ్ ఎక్కడుందో నాక్కూడా తెలీదు" అనేవారు.

గత శరత్కాలపు నాటకంలో డోరీన్ గారిది ముసలి నేతకార్మికురాలి పాత్ర. ఇల్లు ఖాళీ చేయించడానికి వచ్చిన మిల్లు ఏజెంటు ముఖం మీద ఆమె తలుపు వేయడమే కథకు ఆయువుపట్టు. సాధనలో ఆ ఘట్టం దగ్గర డోరీన్ గారు రెండుసార్లు మాట మరచిపోయారు. యువ దర్శకులు జాస్పర్ లింటన్ గారు మర్నాడు ఒక చిన్న పరికరం తెచ్చారు.

"ఇది చెవిలో పెట్టుకోండి డోరీన్. మాటలు వినిపిస్తాయి. ఎవరికీ కనబడదు."

"నాకు తెలుస్తుంది కదా బాబూ."

"పాలకవర్గం వాళ్లు ఇంకో నటిని చూస్తున్నారు. మీ మంచికే చెప్తున్నా."

"చూసుకోనీ. ఆటలో పక్కనుంచి ఒక్క మాట అందుకున్నానా, అప్పుడే కోటు తగిలించుకుని వెళ్లిపోతా. అందుకోలేదనుకో, ఎప్పుడు వెళ్లాలో నేను చెప్తా, మీరు కాదు."

ఇంటిపని ముగించుకొని వచ్చి సాయంత్రాలు, నటులు మరచిన మాట అందించే ప్రాంప్టర్‌గా కూర్చునే నావైపు తిరిగారు.

"విన్నావుగా తల్లీ? జాలిపడి పెదవి కదిపావో, నీ అల్లం కేకు మళ్లీ ముట్టను."

ప్రాంప్టర్ కూర్చునేది నటుల ఎడమ పక్కన. డోరీన్ గారు ఎడమచేతి చిటికెన వేలు కదిపితే మాట కావాలని అర్థం; కదపకపోతే ఆ మౌనం వారిది. నటుల మౌనంలో మాట విసరడం కంటే పెద్ద అపచారం మా వృత్తిలో లేదు.

తొలి ప్రదర్శనలో ఆ ఘట్టం వచ్చింది. "సామాను తీసెయ్యవమ్మా" అన్నాడు ఏజెంటు. డోరీన్ గారు మాట్లాడలేదు. సభలో ఎవరో దగ్గారు. జాస్పర్ గారు నా భుజం పట్టుకొని, "ఇచ్చెయ్యండి, మాట ఇచ్చెయ్యండి!" అని గుసగుసలాడారు. నా వేలు ఆ వాక్యం మీదనే ఉంది. డోరీన్ గారి వేలు కదలలేదు. వారు ఏజెంటునే చూస్తూ నిలబడ్డారు. నాటకంలో లేకపోయినా అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"తలుపు నేనే వేసుకుంటా. నువ్వు బయటుండు."

సభ లేచి నిలబడి కరతాళధ్వనులు చేసింది. పత్రికలు ఆ మౌనాన్ని శ్లాఘించాయి. దానిని అలాగే కొనసాగించమని జాస్పర్ గారే కోరారు. చివరి ఆట వరకు డోరీన్ గారు నా దగ్గర ఒక్క మాటా అందుకోలేదు.

ఆటలన్నీ ముగిశాక, ముఖం మీది రంగు తుడుచుకుంటున్న వారిని ఆ తొలి మౌనం గురించి అడిగాను.

"మౌనమా, పాడా? శుభ్రంగా మర్చిపోయాను తల్లీ. నా పేరు అడిగినా చెప్పలేకపోదును."

"మరి వేలు కదపలేదేం?"

"మాట నాది. వచ్చేదాకా నిలబడ్డా. వాణ్ణి మాత్రం లోపలికి రానివ్వలేదుగా! ఇది మన నాటకశాల సంచికలో రాయి. జాస్పర్ చదవాలి."

మర్నాడు, ఎవరూ అడగకుండానే, తమ పదవీ విరమణను వారే ప్రకటించారు.

ఈ వ్యాసంలో 'విశ్రాంతి' అనే మాట వాడవద్దని వారి ఆజ్ఞ. నటుల పరిభాషలో దానికి అర్థం, వేషం ఎవరూ ఇవ్వలేదని. అందుచేత వీడ్కోలులో అందరూ కోరే ఆ కోరిక మేము కోరము. ఆయురారోగ్యాలు, అదే యాస, అదే మొండితనం వారిని చిరకాలం అంటిపెట్టుకొని ఉండాలని మాత్రం మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఈ నాటకశాల తలుపు వారే వేసుకొని వెళ్తున్నారు; మళ్లీ తెరవాలన్నా వారి ఇష్టమే. చిటికెన వేలు కదిపితే చాలు, మేము ఎడమ పక్కనే ఉంటాము.