కొలతలాయనా కొత్త స్క్రీనూ

ఏమే, వచ్చినప్పటి నుంచీ ఆ కంప్యూటర్ని తెగ తిట్టిపోస్తున్నావ్, అదేం చేసింది పాపం? ఆఁ? మొత్తం రూపం మార్చేశారా? నిన్నటిదాకా కింద మూల ఉన్న బటను ఇవాళ మధ్యలోకొచ్చి కూర్చుందా? మీ ఆఫీసులో అందరూ గోల పెడుతున్నారా? పెట్టరూ మరి! ఇలా వచ్చి కూర్చో, ఆ దిండు ఇటివ్వు, నడుము పట్టేసింది. ఆఁ, అలా. నీకు మా కొలతలాయన సంగతి ఎప్పుడైనా చెప్పానా? లేదూ? అయ్యో, ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయిందిలే, అప్పటికి నువ్వింకా స్కూలుకెళ్తున్నావ్.

నేను ఆస్పత్రిలో రికార్డుల గదిలో పనిచేసేదాన్ని కదా, అక్కడ మా సీనియర్ గుమాస్తా ఆయన. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు, అందరికీ కొలతలాయనే. ఎందుకంటే ప్రతిదీ కొలుస్తాడు మనిషి. గుమ్మం నుంచి కుర్చీకి పదకొండు అడుగులు, బల్ల అంచు నుంచి మౌసుకి నాలుగు వేళ్ళు, మంచినీళ్ళ గ్లాసుకి జానెడు. ఊడ్చే ఆవిడ కుర్చీ కాస్త జరిపిందనుకో, ఇంక ఆ పూటంతా రామరావణ యుద్ధమే. కిటికీ దగ్గర కూర్చునేవాడు. రోగి చీటీ చూపిస్తే చూసేవాడు కాదు. "చీటీ కాదయ్యా, నోటితో చెప్పు! నంబరు? పేరు? వయసెంత? గట్టిగా చెప్పు, నీకొచ్చింది కాలి నొప్పే గానీ గొంతు నొప్పి కాదుగా!" వాళ్ళు చెప్తుంటే ఈయన వేళ్ళు టకటకా పరిగెత్తేవి. మౌసుని మూలకి తోసి, రెండు వేళ్ళు పైకి జరిపి ఒక్క నొక్కు నొక్కితే కాగితం బయటికొచ్చేది. చూడకుండానే! మేమంతా ఇదొక బడాయి అనుకునేవాళ్ళం. టైపు మిషను చేయి కదా, ఆ మాత్రం ఉంటుందిలే అని.

ఒక సోమవారం పొద్దున్న వెళ్ళేసరికి అన్ని కంప్యూటర్లూ మారిపోయున్నాయి. ఆదివారం నాడు పైవాళ్ళు వచ్చి కొత్తది ఎక్కించి పోయారు. పక్కన వరసగా ఉండే బొమ్మలు లేవు, కింద మూల నొక్కేది లేదు, స్క్రీను నిండా రంగురంగుల చదరాలు. మా ఎక్స్‌రే అతను చూశాడు, తనే ఏదో పాడు చేశాననుకున్నాడు. గప్‌చుప్‌గా దాని మీద ఒక దుప్పటి కప్పేసి, జ్వరమని చీటీ రాసిచ్చి ఇంటికెళ్ళిపోయాడు! మూడు రోజులు రాలేదు. మందుల గదిలో ఉండే అక్కయ్యేమో బతిమాలుకునేది. "మా తల్లివి కదూ, నిన్న బాగానే ఉన్నావు కదమ్మా, నేనేమన్నానని?" అని దాంతో. ఇంక కట్లు కట్టే కాంపౌండరు ఉన్నాడే, అతని తెలివి వేరు. పాతవి ఎక్కడెక్కడ ఉండేవో గుర్తు పెట్టుకుని, ఆ చోట్లల్లా గాజు మీద ప్లాస్టరు ముక్కలు అంటించాడు. దెబ్బ తగిలినట్టుండేదే ఆ స్క్రీను! ఏం లాభం, ప్లాస్టరు మీద ఎంత నొక్కినా ఏదీ తెరుచుకోదు. పెద్ద డాక్టరు గారైతే ఏకంగా ఆర్డరే వేశారు, "మధ్యాహ్నం లోపు పాతది తిరిగి పెట్టవలెను" అని. ఎవరికి వేశారో ఆయనకే తెలియదు.

అందరికంటే ఎక్కువ రెచ్చిపోయింది కొలతలాయన. "ఇది కంప్యూటరా, బొమ్మల కొట్టా? నా బల్ల మీదున్న వస్తువుని నన్నడక్కుండా జరపడానికి వాళ్ళెవరు?" అని కేకలు. గది గదికీ తిరిగి అర్జీ మీద ఇరవై మూడు సంతకాలు పెట్టించాడు. రోగులు కూడా ఇద్దరు పెట్టారులే, ఏదో పరీక్ష కాగితం అనుకుని. ఆ అర్జీ పైకి పంపారు. జవాబు మెయిల్లో వస్తుందన్నారు. వచ్చే ఉంటుంది, కానీ కొత్తదాంట్లో మెయిలు ఎక్కడుందో ఎవడికి తెలుసు? తొమ్మిది రోజులు మొత్తం ఆస్పత్రి ఆ జవాబు కోసం ఎదురు చూసింది.

నవ్వకు, అసలు సంగతి ఇప్పుడొస్తుంది. ఆ ఎదురుచూపుల్లోనే ఒక బస్సు డ్రైవరు, ఇంత మీసాలు, ఇంత పొట్ట, కిడ్నీలో రాయికి స్కాన్ తీయించుకుని కాగితం కోసం వచ్చాడు. మా కొలతలాయన మామూలుగానే నంబరు అడిగాడు, టకటకా కొట్టాడు, కాగితం చేతిలో పెట్టాడు. గంట తర్వాత డ్రైవరు తిరిగొచ్చాడు. కిటికీలోంచి తల లోపల పెట్టి, చాలా మెల్లిగా, "సార్, నాకు ఐదో నెలంట. బిడ్డ బాగానే తన్నుతోందంట. ఇంట్లో ఎలా చెప్పమంటారు?" అన్నాడు. అబ్బ, ఆ గదిలో నవ్వులు చూడాలి! వరసలో నిలబడ్డ వాళ్ళంతా పొట్టలు పట్టుకున్నారు. అక్కయ్యైతే, "ఉప్పు తగ్గించు నాయనా, బరువులెత్తకు" అంది. అంతకు ముందొచ్చిన గర్భిణీ కాగితం అది. నేనూ నవ్వుతూ కొలతలాయన వైపు చూశాను. ఆయన నవ్వడంలేదు. ఆ తప్పు కాగితాన్నే చేతిలో పట్టుకుని, చదువుతున్నట్టు తలాడిస్తున్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడే కాగితాన్ని.

అందరూ భోజనాలకి పోయాక తలుపు వేసి అడిగాను, "సార్, మీకు కనిపిస్తోందా?" అని. ఆయన అన్నాడు, "నాలుగేళ్ళయిందమ్మాయ్. అంచులు కనిపిస్తాయి, మధ్యలో అంతా పొగ. నీ చెవులు కనిపిస్తున్నాయి, మొహం లేదు." అప్పుడర్థమయింది నాకు ఆ అడుగులూ, ఆ వేళ్ళూ, ఆ జానలూ ఎందుకో. కళ్ళతో కాదే, చేతి గుర్తుతో పనిచేస్తున్నాడు మనిషి. వాళ్ళు స్క్రీను మార్చేసరికి ఆ చేతికి ఇల్లు తప్పిపోయింది. నాకు జాలి వేసింది, కోపం కూడా వచ్చింది. "ఇవాళ నవ్వుకున్నాం సరే, రేపు రక్తం గ్రూపు కాగితం తారుమారైతే ఏం చేస్తారు?" అని గట్టిగానే అన్నాను. ఆయన చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. "ఇంకా పదిహేను నెలలుందమ్మాయ్ రిటైరవడానికి. తెలిస్తే ఇంటికి పంపేస్తారు. ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదు నేను, కంగారు పడుతుంది." మళ్ళీ తనే, "నువ్వన్నది నిజమే. రేపు నేనే చెప్పేస్తాను పెద్ద డాక్టరుకి" అన్నాడు.

ఆ సాయంత్రమే నేను కంప్యూటర్లు చూసే ఇంజినీరమ్మకి ఫోను చేశాను. నలభై ఏళ్ళ మనిషి, పాపం ఊళ్ళో వాళ్ళ తిట్లన్నీ తిని ఉంది. "కళ్ళు సరిగా కనపడని వాళ్ళు దీంతో ఎలా చేస్తారండీ?" అన్నాను. ఆవిడ, "మౌసెందుకండీ? బొమ్మలు మార్చారు గానీ కీబోర్డు మీటలు పాతవే, అన్నీ వాటితోనే చేసుకోవచ్చు. పైగా స్క్రీను మీద ఉన్నది చదివి వినిపించే గొంతు కూడా ఈ కొత్తదాంట్లోనే ఉంది. మీరే తీసేయమని అర్జీ పెట్టారటగా?" అంది.

పొద్దున్నే ఆయన వెనకాలే నేనూ వెళ్ళాను. పెద్ద డాక్టరు గారి ఎదురుగా నిలబడి ఒక్క ముక్క దాచకుండా చెప్పాడు. డాక్టరు గారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. నేనైతే ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. అప్పుడాయన కుర్చీలోంచి లేచి, "ముందిలా కూర్చుని నా మెయిలు ఎక్కడుందో కనిపెట్టండి, మీ కళ్ళ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు! ఇంజినీరమ్మ చెప్పిన మీటలు రెండు నొక్కి, నాలుగక్షరాలు కొట్టాడు కొలతలాయన. తెరుచుకుంది. మొదటి మెయిలు మా అర్జీకి జవాబే. "మీ విన్నపమును పరిశీలించితిమి, కుదరదు." డాక్టరు గారు పకపకా నవ్వారు. తర్వాత గంభీరంగా చెప్పారనుకో, కొలతలాయనిచ్చే ప్రతి కాగితం పక్కన కూర్చునే నేను చూసి సంతకం పెట్టాకే కిటికీ దాటాలని, వెంటనే కంటి డాక్టరుకి చూపించుకోవాలని. చూపించుకున్నాడు కూడా, పోయింది రాదన్నారు, ఉన్నది నిలబెడతామన్నారు.

ఇంక చూడు, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాడు. ఆ గొంతు మన పేర్లని నోట్లో గులకరాళ్ళు వేసుకున్నట్టు పలికేది, ఇంటిపేరు వచ్చేసరికి దగ్గినట్టుండేది. ఈయనకి ఒళ్ళు మండి, "సరిగ్గా పలికి చావు!" అని అరిచేవాడు. కిటికీ అవతల రోగి హడలిపోయి తన పేరు మళ్ళీ మొదటి నుంచీ చెప్పేవాడు. నెల తిరిగేసరికి మా అందరికంటే వేగం ఆయనే. అప్పుడు పెట్టాడమ్మా మాకు బడి. స్క్రీను మీద తువ్వాలు కప్పేసి, "చూడకండి, చూస్తేనే కోపమొస్తుంది. మీటలు నేర్చుకోండి. బొమ్మలు వాళ్ళవి, వేళ్ళు మీవి" అనేవాడు. ఎక్స్‌రే అతను కూడా దుప్పటి తీసి తువ్వాలుకి దిగాడు. కాంపౌండరు ఒక్కడే ప్లాస్టరు వదల్లేదు, అలవాటయిపోయిందన్నాడు. పదిహేను నెలలూ పూర్తి చేసి దర్జాగా రిటైరయ్యాడు. ఆ తర్వాతెప్పుడో మళ్ళీ స్క్రీను మారిస్తే మేమంతా ఆయన ఇంటికే ఫోను, "సార్, మళ్ళీ జరిపేశారు!" అని. అవతల ఆ సంబరం వినాలి, ఎవరింట్లోనో పెళ్ళి కుదిరినట్టు.

ఆయన పోయినప్పుడు నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్ళి వాళ్ళావిడ దగ్గర కూర్చున్నాను. ఏవో మాటలయ్యాక, "ఆయన కళ్ళ సంగతి నీకు ఆస్పత్రి రోజుల నుంచే తెలుసు కదమ్మా" అంది. నేను నీళ్ళు నమిలాను, ఇంట్లో చెప్పొద్దన్నారండీ అని. ఆవిడ నవ్వింది. "నాకు నీకంటే ముందే తెలుసు. ఒకరోజు పాలు గ్లాసు పక్కన పోశారు. ఆ రోజు నుంచి ఈ ఇంట్లో నేనేదీ జరపలేదు. చెంచా కూడా. మా చెల్లెలొచ్చి, బీరువా ఇటు పెడితే గాలొస్తుంది కదక్కా అంటే, నా ఇల్లు నా ఇష్టమని పోట్లాడి పంపేశాను. రెండేళ్ళు మాట్లాడలేదది. ఆయనేమో, నీకు మార్పంటేనే భయమే అని వెక్కిరించేవారు." అని, ఆ గదంతా ఒకసారి చూసి, "ఇప్పుడు జరపొచ్చు కదా. చేతులు రావడంలేదమ్మా" అంది.

...

ఆఁ? ఏంలేదు. ఏంలేదే. ఆ ఫ్యాను కాస్త తగ్గించు. నువ్వసలు ఏమన్నా తిన్నావా, లేదా?