బీమా కాగితంలో యాదగిరి

వరంగల్, 1963. గిర్మాజీపేటలో బక్కమ్మ ఇంట్లో కాలిపోయిన కిరాయి గది ముందు అరుగు. మిట్టమధ్యాహ్నం.

“యాదగిరీ, దస్కత్ పెట్టు. బండికి టైం ఐతాంది.”

“బక్కమ్మవ్వ లోపల్నే ఉన్నదా?”

“లేదు. బట్టలు పట్టుకొని బావికాడికి పోయింది.”

“మరి నన్ను నా పేరుతోని పిలువు రాజం. ఇయ్యాలన్న పిలువు.”

“సరే. ప్రభుదాసూ, దస్కత్ పెట్టు.”

“ఏం రాసిండ్రో చదువు ముందుగాల.”

“ఏమున్నది, పొద్దుగాల బీమా సారు రాసిందే. కాలిపోయినయి నా పెట్టె, మంచం, బట్టలు, రెండు గిన్నెలు. గంతే.”

“కుట్టుమిషన్?”

“మిషన్ రాయలే.”

“మిషన్ కోసమే కదరా బీమా కట్టింది. పక్కన పత్తికొట్టు ఉన్నది, ఎప్పటికైనా అంటుకుంటదని నువ్వే అన్నవ్. అన్నట్టే అంటుకున్నది. బూడిదంత తవ్వితే ఒక్క కత్తెర దొరికింది నాకు.”

“నేనేం చెయ్యాలె? బీమా ఏజెంటు కిషన్ రావు సారుకు నీ మిషన్ రసీదు చూపెట్టిన. కొన్నది ప్రభుదాసు అని ఉన్నది దాంట్ల. బీమా ఎవలెవల పేరు మీద ఉన్నది? వెంకట్రాజం, యాదగిరి. గీ ప్రభుదాసు ఎవడు, వాని మిషన్ మీ గదిలకెందుకొచ్చింది అని అడిగిండు.”

“నువ్వేం చెప్పినవ్?”

“నిజమే చెప్పిన. ఇద్దరు ఒక్కడే సార్, కిరస్తానపోళ్లకు గది ఇయ్యరేమోనని మా చిన్నాయన కొడుకు యాదగిరి అని చెప్పి దిగినం, బీమా రాసేటప్పుడు గూడ నోట్లె గదే పేరొచ్చింది అన్న.”

“ఏమన్నడు?”

“నవ్విండు.”

“నవ్విండా?”

“జర సేపు నవ్విండు. తర్వాత దారి గూడ చెప్పిండు. మీ ఇంటామె ఒక కాయితం మీద, యాదగిరి అని ఉన్నోడు ప్రభుదాసే అని వేలిముద్ర వేస్తే మిషన్ రాస్త అన్నడు. లేకుంటే మిషన్ మాటే ఎత్తకుండ్రి, రెండు పేర్ల సంగతి పట్నంల పెద్దాఫీసుల తెలిస్తే మొత్తానికే చెల్లదు అన్నడు.”

“అడుగుదాం మరి అవ్వను.”

“నువ్వడుగుతవా?”

“నువ్వడుగు.”

“నాతోని కాదు. రెండేండ్లు ఆమె ముందట నిన్ను తమ్ముడన్న. ఆమె బావిల నీళ్లు చేదుకున్నవ్. ఆమె వెట్టిన బువ్వ తిన్నవ్. ఇయ్యాల పోయి ఏమని చెప్పాలె?”

“అప్పుడన్న అడిగి ఉండాల్సింది.”

“అంతకుముందు మూడిండ్లల్ల అడిగితే ఏమైందో మర్చిపోయినవా? గది కాలినా గీ అరుగు మీద పండనిస్తాంది. ఇది గూడ పోతే యాడికి పోదాం?”

“మిషన్ లేని దర్జీకి అరుగెందుకు రాజం? మా వర్ధన్నపేట పోయి పొలాలల్ల కైకిలి చేసుకుంట.”

“నా సామానుకు ఏమన్న వస్తే…”

“వద్దు. నీ మంచం పైసలకు మిషన్ రాదు. నీకు ఎరుకే.”

“ఎరుకే.”

“మా అమ్మకు ఏం చెప్పాల్నో సమజైతలేదు. నేనిక్కడ యాదగిరి అని బతుకుతున్నట్టే ఆమెకు తెల్వది. నా పేరు పెట్టి పిలుస్తదని రెండేండ్లు గుమ్మంలకు రానియ్యలే. కన్నతల్లిని రావద్దన్న.”

“ప్రభూ, టైం…”

“ఇటియ్యి. యాడ పెట్టాలె?”

“గీడ. యాదగిరి అని పెట్టు.”

“ఎరుకే. రెండేండ్ల సంది అదే గదా. ఇగో.”

“తే. సైకిల్ తొక్కితే బండి అందుకుంట. ఇయ్యాలే ఆఖరు దినమట, సారు తనతోనే పట్నం తీస్కపోతడు.”

వెంకట్రాజం వెళ్లి అరగంటయింది. ఇంటామె బక్కమ్మ తడిబట్టలతో వచ్చింది.

“రాజం ఏడి బిడ్డా?”

“టేషన్‌కు పోయిండవ్వా. బీమా కాయితం ఇయ్యనీకి.”

“నీ మిషన్ ఇస్తరా మరి?”

“ఇయ్యరు.”

“ఎందుకియ్యరు?”

“పేరు కలువలే.”

“పేరు కలువకుంటే మనిషి లేడా? నేను చెప్త పా. రెండేండ్లు దాని చప్పుడు నా గోడకే ఇనవడ్డది. యాడికి రావాలె?”

“ఇంక యాడికి లేదవ్వా. కూత ఇనవడ్డది గదా. బండి పోయింది.”

“ఒక్క మాట నాకు చెప్పొద్దా?”

“ఏమని చెప్పాలె నీకు.”

“ఏడ్వకు. ఇగో, నీళ్లు తాగు. పోయిన వానకాలం మీ అమ్మకు గూడ గిదే చెంబుతోని ఇచ్చిన.”

“మా అమ్మకా?”

“సారమ్మనే గదా? నువ్వు దారాలకు దుకాన్లకు పోయినవ్. రావద్దన్నవట, వచ్చినట్టు చెప్పకు అన్నది. బువ్వ వెట్టి పంపిన.”

“అవ్వా… మా అమ్మ ఏమని అడిగింది నిన్ను?”

“ప్రభుదాసు ఉండేది గీ ఇంట్లనేనా అన్నది. గీ ఇంట్లనే అన్న.”