విత్తనాలకు బూడిద

రజాకార్ల రాజ్యం పోయిన ఏడు, చలికాలం. వరంగల్‌లో గింజల మండి వెనుక రేకుల కొట్టం. ఊరు విడిచి వచ్చిన అత్తాకోడళ్లు.

"కందులకు ఏం కలుపుతానవ్ అత్తా?"

"బూడిద. పురుగు పట్టకుండ. మిరుగం కార్తె నాటికి విత్తనం కావాలె గద."

"మన పొయ్యిల బూడిద గింత నల్లగ ఉండదు. ఏడికెల్లి తెచ్చినవ్?"

"నిన్న ఊరికి పోయిన. కూలిన గోడ కింద తడవకుండ ఉంటే కొంగున కట్టుకొచ్చిన."

"మన ఇంటిదా? నీ కొడుకును లోపల ఏసి తలుపు బిగిచ్చి కాలవెట్టిన ఇల్లు గదా అది."

"అవు."

"నీకు చేతులెట్ల ఆడుతానయత్తా?"

"ఏటా విత్తనానికి బూడిద వాడే కలిపేటోడు. నన్ను ముట్టనియ్యకపోయేది. ఈ ఏడు గూడ వాడే కలుపుతాండనుకో."

"ఆ ఊరికి నేను రాను. రజాకార్లకు మన ఇల్లు చూపిచ్చినోడు ఉన్నడా, చచ్చిండా?"

"ఉన్నడు. ఇప్పుడు కాంగ్రెసోళ్ల తెల్లటోపీ పెట్టుకున్నడు. నన్ను చూసి, మంచిగున్నవా పెద్దమ్మా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"మిరుగానికి వస్తానం కొడుకా, మన రెండు చేన్లకు నడుమ ఒక్క గెట్టే గదా అన్న."

"నాతోని కాదు. పొద్దున లేస్తే వాని మొకం చూసుకుంట ఎట్ల బతుకుడు?"

"మనకు తల ఎత్తే తీరికేడుంటది పిల్లా, చేన్ల పని ఉంటది. వాడే మన మొకాలు చూసుకుంట బతకాలె."