బండిలో జాగా

పంతొమ్మిది వందల అరవై ఒకటి వేసవి. నల్గొండకు దగ్గరి పల్లెలో, నడి మధ్యాహ్నం, గొర్రెల కాపరి కురుమయ్య ఇంటి ముందు బండి కట్టి ఉంది. కడుపుతో ఉన్న చెల్లెలు సుక్కమ్మను చూడ్డానికి పానగల్ నుంచి వచ్చిన సోమమ్మ, ఎద్దులకు అడ్డంగా నిలబడింది. చెల్లెలి మొగుడు కురుమయ్యను చూస్తేనే ఆమెకు ఒళ్లు మండిపోతోంది.

"బండి కదలనియ్య, కురుమయ్యా. ముందుగాల గా గొర్రెను దించు."

"జర పక్కకు జరుగు, వదినె. పశువుల దవాఖాన డాక్టరు ఇంటికి పోతె మల్ల రేపే."

"మనుషుల దవాఖాన గూడ గా నల్గొండలనే ఉన్నది."

"ఉంటె ఉండనీ. మాకేం పని?"

"సుక్కమ్మకు పని. దాని కాళ్లు జూసినవా? మట్టెలు వేళ్లల్ల కోసుకపోతున్నయి. తీస్తనంటె మీ అమ్మ ఇంతెత్తున లేశింది, మొగడు బతికుండంగ మట్టెలు తీస్తవా అని. నీ ఆయుష్షు దాని కాలేళ్లల్ల ఉన్నదా?"

"నీరు పట్టింది, అంతే. మా అమ్మ ఉప్పు బంద్ జేశింది. ఏడో నెలల ఎవరికైనా..."

"ఎవరికైనా మొఖం గుమ్మడికాయ లెక్క పొంగుతదా?"

"నిండుగ ఉన్నది. మగపిల్లగాడే అంటున్నరు అందరు."

"తలకాయ పగులుతాందని పొద్దటి సంది ఏడుస్తాంది."

"నిన్ను జూసి ఏడుస్తాంది. నువ్వు రాకముందు సప్పుడు జేయకుంట పని జేస్కునేది."

"సప్పుడు జేస్తె మీ ఇంట్ల ఎవరు ఇన్నరు?"

"మొదటి కాన్పు పుట్టింటోళ్లది, వదినె. అంటె మీది. నేను దవాఖానకు తోల్కపోతె కులపోళ్లు నవ్వరా?"

"సరే, మాదే. బండి ఇయ్యి, నేనే తోల్కపోత."

"బండిల గొర్రె ఉన్నది."

"దాని పక్కన పండుకుంటది."

"అయ్యో, గొర్రె అదిరిపడుతది! సూడిది. కడుపుల రెండు పిల్లలున్నట్టున్నయి."

"ఓహో! ఏమొచ్చింది మహారాణికి?"

"ఎక్కిరియ్యకు. మందల కలుస్తలేదు. గడ్డి ముడుతలేదు. నడుస్తె కాళ్లు తడబడుతున్నయి. పోయినేడు గిట్లనే జూస్కుంట కూసుంటె తల్లి పాయె, పిల్లలు పాయె. గీ రోగం మాకు ఎరుకే. కండ్లు పోయినంక ఇగ ఆలిశం జేయొద్దు."

"కండ్లు పోయినయని నీకు చెప్పిందా?"

"చెప్పాల్నా? ముందట చెయ్యి ఆడిచ్చి జూసిన. రెప్ప కొట్టలే."

"మస్తు తెలివి! గా చెయ్యి ఒక్కపారన్న పెండ్లాం కండ్ల ముందట ఆడిచ్చినవా?"

"దానికేమైంది?"

"ఇందాక నేను తలుపుల నిలబడితె, ఎవరు అన్నది. ఒక్క కడుపుల పుట్టినోళ్లం. నీళ్లిస్తె చెంబు దిక్కు గాక ఎటో చెయ్యి సాపింది."

"నకరాలు. పని తప్పిచ్చుకునేటందుకు."

"నకరాలా? పిలువు. గొర్రెకు జూసినట్టే జూడు. జూసి నీ నోటితోనే చెప్పు."

"ఏ... సుక్కా! బయటికి రాయే. మీ అక్క పంచాది పెట్టింది."

"వస్తున్న... గోడ ఏడున్నదో... అక్కా, అప్పుడే సీకటి పడ్డదా? దీపం ముట్టియ్యలే?"

"చెప్పు, కురుమయ్యా. ఎండ నెత్తి మీదున్నది. చెప్పు."

"సుక్కా, గిటు జూడు. గిదో, నా చెయ్యి... నా చెయ్యి... వదినె, రెప్ప కొడుతలేదు."

"నాకెందుకు చెప్తవు? నీకు ఎరికైన రోగమే గదా."

"దించుతున్న. గొర్రెను దించుతున్న. నువ్వు సుక్కమ్మను పట్టుకో, వదినె, జల్ది!"

"నా కోసం దాన్నెందుకు దించుతున్నవ్? వద్దు, నేను ఆగుత. దాన్నే తోల్కపో. సూడిది, పాపం."